తొంభైతొమ్మిది పర్సెంట్ అయిపోయిన దారి

ఇంగ్లీషు మీద నాకు కోపం లేదు. చాలా ఏళ్లు రాజాంలో ఒక ప్రైవేటు కాలేజీలో దాన్ని చెప్పే అన్నం తిన్నాను. పిల్లలకు అది వచ్చిందా అంటే వేరే సంగతి. నాకైతే జీతం వచ్చింది, అదీ అప్పుడప్పుడు. నా కోపమంతా ఒక రకం ఇంగ్లీషు మీద. తగువు తీరబోతోందనగానే మనవాళ్ల నోట్లోంచి ఊడిపడే ఇంగ్లీషు మీద.

తగువు పుట్టేది తెలుగులోనే. 'ఏటిరా నీ లెక్క' అంటూ పుడుతుంది. పెరిగేదీ తెలుగులోనే. తాతల్ని లేపుతుంది, ముత్తాతల్ని లేపుతుంది, ఎప్పుడో పెళ్లిలో పెట్టని వడ దాకా వెళ్తుంది. అక్కడిదాకా ప్రతి మాటకీ ఒక మనిషి ఉంటాడు. ఎవడన్నాడో, ఎవణ్ని అన్నాడో వీధి వీధంతా చెప్పగలదు. ఇక తీరుతుందనగానే ఇంగ్లీషు దిగుతుంది. 'ఆల్మోస్ట్ క్లియర్.' 'జస్ట్ ఫార్మాలిటీ.' 'ఇన్ ప్రిన్సిపల్ ఓకే.' ఇవి ఎవరన్నారు? తెలియదు. ఎవరొప్పుకున్నారు? అడగకూడదు, అడిగితే మనం మొండివాళ్లం. రోగి లాస్ట్ స్టేజ్‌లో ఉన్నాడంటే బంధువులు బయల్దేరి వస్తారు. సమస్య లాస్ట్ స్టేజ్‌లో ఉందంటే మాత్రం అది నిక్షేపంగా ఉందనీ, మన తర్వాత కూడా ఉంటుందనీ అర్థం. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ 'అండర్ ప్రాసెస్'లో ఉండగా వేసవి మొత్తం గడిచిపోయింది. ఆ ప్రాసెస్ అండర్‌లో చెమటలు కక్కుతూ పడుకున్నది మేమే.

ఈ మాటలు నేను క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. ఎక్కడ నేర్చుకున్నారో తెలియదు గాని, నేను చెప్పినవాటి కన్నా ఇవే బాగా వంటబట్టాయి.

నా పగకు కారణం చెబుతాను.

మా ఆవిడకు ఒక అన్న ఉన్నాడు. నాకు బావ. రాజాం నుంచి పాలకొండ వైపు వెళ్తుంటే రోడ్డుకు కొంచెం లోపలగా ఒక ఊళ్లో వ్యవసాయం చేస్తాడు. గొంతు పెద్దది. గట్టు ఈ కొసన నిలబడి మాట్లాడితే ఆ కొసన కొంగలు లేస్తాయి. రోడ్డుని ఆనుకుని అతని పొలం, దాని వెనకాల ఇంకో చెక్క. ఆ వెనక చెక్క అతని పెదనాన్న కొడుకుది. ఏళ్లతరబడి బావే కౌలుకి చేసేవాడు. ఆ పెదనాన్న కొడుకు దాన్ని అమ్మేద్దామనుకున్నప్పుడు బావ 'ఇదిగో, అదిగో' అని సాగదీశాడు. అతను విసిగిపోయి రాజాం వచ్చి నన్నడిగాడు. నేను అప్పుడే ఉద్యోగం మానేసి చేతులు ఊపుకుంటూ తిరుగుతున్న రోజులవి. ఊపే చేతులతో నాగలైనా పడదామని కొనేశాను. నాగళ్లు ఇప్పుడు లేవని కొన్నాక తెలిసింది.

బావకు చెప్పే కొన్నానని నేనంటాను. కొన్నాక చెప్పానని బావ అంటాడు. అంతకుముందు నన్ను 'ఏటి బావా' అని పిలిచేవాడు కాస్తా ఆ రోజు నుంచి 'మేష్టారూ' అనడం మొదలుపెట్టాడు. సొంత చెల్లెలి మొగుణ్ని అలా పిలిస్తే అంతకు మించిన తిట్టు అక్కర్లేదు. కొన్నాళ్లకు అదీ మానేసి, నేను కనిపిస్తే నా పక్కనున్న చెట్టుతో మాట్లాడేవాడు.

అయినా పర్వాలేదనుకున్నాను. అతని పొలంలో అతను, నా పొలంలో నేను. కాని నా పొలంలోంచి రోడ్డు మీదకి రావాలంటే అతని పొలం దాటాలి. మనుషులు కోసే రోజుల్లో ఇది సమస్య కాదు. పనలు కట్టి నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడిచి వచ్చేసేవారు. ఇప్పుడు కోతకు మనుషులు దొరకరు, మిషన్ రావాలి. మిషన్‌కి గట్టు చాలదు. అందుకని రోడ్డు పక్కవాడు ముందు కోసుకుంటాడు, వాడి కోత అయ్యాక ఆ ఖాళీలోంచి వెనకవాడి పొలంలోకి మిషన్ వెళ్తుంది. అందరూ దీనికి తగ్గట్టే విత్తనం వేసుకుంటారు. నేను మాత్రం కొట్టువాడు మంచిదన్నాడని బేగి పండే రకం వేశాను. బావ వేసింది ఆలస్యంగా పండేది. నాది పండి బరువుకి వంగిపోతుంటే అతనిది ఇంకా పచ్చగా పాలు పోసుకుంటోంది.

అలాంటప్పుడు ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ముందున్న ఆసామి తన పైరులోనే గట్టు వారగా, మిషన్ పట్టేంత వెడల్పున కోసి దారి ఇస్తాడు. పచ్చి పైరు, అది అతనికి నష్టమే. అందుకు బదులు వెనకవాడు తన ధాన్యంలోంచి కుంచంతో కొలిచి ఇచ్చుకుంటాడు. అయితే దారి కావలసినవాడు తనే వెళ్లి అడగాలి, మనిషిని పంపకూడదు. ఇచ్చేవాడు మొదటి గుప్పెడు తన చేత్తోనే కోయాలి. పండని చేలో పరాయివాడి కొడవలి ముందు పడితే ఆ ఊళ్లో తలలు పగులుతాయి. ఆ మొదటి గుప్పెడు తెగిందంటే మాట అయినట్టు. అంతవరకూ ఎన్ని టీలు తాగినా ఏమీ కానట్టే.

ఇదంతా నాకు తెలుసు. కాని చెట్టుతో మాట్లాడే మనిషి దగ్గరికి వెళ్లి ఎలా అడగను? వెళ్తే తలుపేస్తాడేమో. తలుపేస్తే ఊళ్లో మొహం ఎలా ఎత్తుకోను? నాకున్నది ఒకటే మొహం, అదీ అంత గొప్పదేం కాదు.

అందుకని మా తోడల్లుణ్ని పట్టుకున్నాను. అతను మా ఆవిడ చెల్లెలి భర్త. శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో పని. బావకు అతనూ చెల్లెలి మొగుడే, పైగా అతని మీద కోపం లేదు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరికీ చెడ్డ కబురు చెప్పలేడు, అంతే. ఎదుటివాడి మొహం చిన్నబోతే చూడలేక, నాలుగు ఇంగ్లీషు ముక్కలు పరిచి దాని మీద కూర్చోబెడతాడు.

"నువ్వు డోంట్ వర్రీ అన్నియ్యా," అన్నాడు ఫోన్లో. "నాను డీల్ సేస్తాను."

రెండు రోజులకు ఫోన్ చేశాడు. "టాక్స్ స్టార్ట్ అయిపోనాయి. పాజిటివ్‌గానే ఉన్నాడు."

మా ఆవిడ పక్కనే నిలబడి ఉంది. ఫోన్ పెట్టగానే అడిగింది.

"ఏటంటన్నాడు?"

"పాజిటివ్‌గా ఉన్నాడట."

"ఎవులు? మా అన్నే? డాక్టరు దగ్గరకి తీసుకెల్లినారేటి?"

"అది కాదు. సుముఖంగా ఉన్నాడట."

"దారిస్తానన్నాడా?"

"ఆ మాట అనలేదట గాని..."

"అయితే ఇంకేటి అన్నట్టు?" అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. పప్పు గిన్నె మీద మూత పడిన చప్పుడు బట్టి ఆమె ఎంత సుముఖంగా ఉందో తెలిసింది.

ఆమె బాధ నాకు తెలుసు. ఆ పంట నాకు మొదటి పంట. పోతే ఊళ్లో నవ్వుతారు, నవ్వనీ, కాలేజీలో అలవాటైపోయింది. ఆమెకు మాత్రం పంటతో పాటు ఇంకోటి కూడా పోతుంది. ముందే చెప్పేసింది కూడా. "ఆ వరి దారి లేక నేల్ని పడిపోయిందంటే, ఇంక నాను మా అన్న గుమ్మం తొక్కను. నువ్వు సెప్పినా తొక్కను." అమ్మా నాన్నా లేని ఆమెకు పుట్టింటి గుమ్మం అదొక్కటే. ఆమె అన్నదంటే అన్నదే. ఆ ఇంటివాళ్ల మొండితనంలో అన్నకీ చెల్లెలికీ సరిసమానంగా పంపకాలు జరిగాయి.

తర్వాతి ఫోన్లో "ఇన్ ప్రిన్సిపల్ ఓకే అన్నియ్యా" వచ్చింది. ఈసారి ఆమె నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఒరే మరిదీ, మా అన్న నోటితో ఏటన్నాడో ఆ ముక్క సెప్పు. ఊ అన్నాడా, ఉహూ అన్నాడా?"

"అలగ డైరెక్ట్‌గా అడిగితే ఎలగ వొదినా. మేటర్ తొంభైతొమ్మిది పర్సెంట్ అయిపోనాది."

"ఆ మిగిలిన ఒక్కటీ ఎక్కడున్నాదిరా?"

"అది ఫార్మాలిటీ వొదినా, జస్ట్."

ఆ ఒక్కటీ ఎక్కడుందో నాకు తెలుసు. బావ చేతిలో, కొడవలి పిడి దగ్గర ఉంది. కాని తొంభైతొమ్మిది అనే అంకె మాయ చేస్తుంది. పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి నాది. నా జన్మలో ఎవరికీ వెయ్యని మార్కులవి. అంత మార్కులొచ్చిన పిల్లాడు ఫెయిలవుతాడని ఎలా అనుకుంటాను? ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఆమె పోలేదు.

తెల్లారి టీవీలో అల్పపీడనం కబురు. సముద్రంలో పుట్టింది, మన వైపే వస్తోంది. మిషన్ ఏజెంటు ఫోన్ చేశాడు.

"మేష్టారూ, రేపు పొద్దున్న మీ వైపు పంపగలను. తర్వాత పాలకొండ దాటిపోతాది. వాన పడితే ఇంక నాను సెప్పలేను. మీ దారి సంగతేటి?"

సరిగ్గా ఆ క్షణంలో నా నోటితో నేనే అన్నాను. "ఆల్మోస్ట్ ఓకే."

అన్నాక నా మాట నాకే వినిపించింది. ఇంతకాలం జనానికి అంటుకున్న జబ్బు అనుకుంటున్నాను, నా గొంతులోనే కాపరం పెట్టింది. అయినా మాట మార్చలేదు. తోడల్లుడికి ఫోన్ చేసి రేపు మిషన్ వస్తోందని చెప్పాను. "సూపర్, నేనూ వచ్చేస్తాను" అన్నాడు. అతని ధైర్యం చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నా ధైర్యం చూసి అతనికి వచ్చిందని తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున్నే స్కూటరు మీద బయల్దేరాం. వెనక మా ఆవిడ, ఆమె ఒళ్లో ధాన్యం మీద కప్పడానికి మడతపెట్టిన బరకాలు. ఆకాశం బూడిద రాసుకున్నట్టుంది. మేం వెళ్లేసరికి మిషన్ రోడ్డు మీద వచ్చి ఆగింది. డ్రైవరు కిందకి దిగకుండా, ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. తోడల్లుడు బైకు స్టాండు వేసి ఫోను చూసుకుంటున్నాడు.

గట్టు మీద బావ నిలబడి ఉన్నాడు. తలకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో కొడవలితో. అతని వెనకాల పచ్చటి వరి, ఒక్క కంకైనా కొయ్యలేదు.

ఇంజను ఒక్కటే మాట్లాడింది.

"ఏటిది?" అన్నాడు బావ. నన్ను కాదు, మిషన్‌ని.

తోడల్లుడు నవ్వుతూ ముందుకెళ్లాడు. "అదే బావా, మనం డిస్కస్ సేసినాం కదా. అదే ఫైనల్ అయిపోనాది కదా అని..."

"ఏటి ఫైనలు? ఎవులికి ఫైనలు? నాను దారిస్తానన్నానా?"

"అనలేదనుకో. గానీ కాదని కూడా అన్లేదు కదా!"

"నువ్వు నాకేటి సెప్పినావురా?" బావ గొంతుకి మిషన్ డ్రైవరు కూడా కిందకి చూశాడు. "మేష్టారు వొచ్చి అడగడానికి రెడీగా ఉన్నాడు, టైం ఫిక్స్ అవ్వాల అన్నావు. ఫీలయిపోతన్నాడు, రియలైజ్ అయిపోనాడు, రావడం జస్ట్ ఫార్మాలిటీ అన్నావు. నిన్న పొద్దున్నుంచి పొలానికెల్లకుండా గుమ్మంలో కూకున్నాను. మా ఇంటిది టీ ఎట్టడానికి పాలు కూడా తెచ్చినాది. వొచ్చినాడా? రాలేదు. ఇయాల మిషన్ ఏసుకుని నా వరి మీదకి వొచ్చీసినాడు!"

నేను తోడల్లుడి వైపు చూశాను. అతను రోడ్డు వైపు చూశాడు.

నాకు బావ గురించి చెప్పినట్టే, బావకు నా గురించి చెప్పాడన్నమాట. బావ ఒప్పుకున్నాడని నేను రాజాంలో కూర్చున్నాను. నేను వస్తున్నానని బావ గుమ్మంలో కూర్చున్నాడు. ఇద్దరికీ తొంభైతొమ్మిదేసి చొప్పున పంచిపెట్టి, మిగిలిన ఒక్కటీ ఎవరికీ లేకుండా చేశాడు. నిజం చెప్పి ఉంటే నేను చచ్చినట్టు వెళ్లేవాణ్ని. మీ బావ మండిపడుతున్నాడు, ఇవ్వనంటున్నాడు అని ఒక్క ముక్క అని ఉంటే చాలు, భయానికైనా పరిగెత్తేవాణ్ని.

"ఇది చిన్న కమ్యూనికేషన్ గేప్ బావా," అన్నాడు తోడల్లుడు.

"గేపా? ఏదిరా గేపు? నా వరిలో గేపు ఎట్టడానికే కదా మీరందరూ వొచ్చినారు!"

"అలగ కాదు, ఇద్దరూ కూల్‌గా కూకుంటే..."

"నువ్వు పక్కకి ఎల్లరా," అన్నాను నేను. అంత గట్టిగా నేను క్లాసులో కూడా ఎప్పుడూ అరవలేదు. అతను పక్కకి వెళ్లాడు. నేను గట్టెక్కాను. చెప్పులు బురదలో దిగబడి ఒకటి అక్కడే ఉండిపోయింది. ఒంటి చెప్పుతోనే బావ ఎదురుగా నిలబడ్డాను.

"బావా. నా వరి పండిపోయింది. మిషన్ వెళ్లడానికి నీ వరిలో దారి కావాలి. ఇస్తావా, ఇవ్వవా?"

"ఇవ్వను."

నమ్మండి, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ల తర్వాత మొదటిసారి ఒక నిండు మాట విన్నాను. దానికి కర్త ఉన్నాడు, నా ముందే కొడవలి పట్టుకుని ఉన్నాడు.

"ఎందుకివ్వవు?"

"ఆ మడి నాది. ఇన్నేళ్లు నాను సేసినాను. నాను ఏసిన గట్టు అది, నీల్లకి నాను తవ్విన బోది. ఎనకనుంచొచ్చి లాగీసుకున్నావు."

"లాక్కోలేదు. కొనుక్కున్నాను."

"కొని లాక్కున్నావు!"

"నువ్వు కొనకుండా సాగదీస్తే అతను వచ్చి నన్నడిగాడు."

"అడిగితే? సెల్లి మొగుడివి, నాకొచ్చి 'బావా, ఇలగ అమ్ముతన్నాడంట, నువ్వు కొంతావా, నన్ను కొనమంతావా' అని అడిగినావా? పంతులుగారు కదా, సదువుకున్నోడివి, నాలాటోణ్ని అడగడమేటి అనుకున్నావు!"

"నువ్వు అప్పుడూ అవునూ కాదూ చెప్పేవాడివి కాదు. బేరం తెమల్చకుండా చూద్దాం చూద్దాం అన్నది ఎవరు?"

"సూద్దాం అన్నానంటే సూత్తాననే. సూడ్డానికి టైమిచ్చినావా నువ్వు?"

గట్టు మీద అలా చాలాసేపు కొట్టుకున్నాం. చేతులతో కాదు, అంతకన్నా బాగా. ఇన్నాళ్లూ చెట్లకి చెప్పిందంతా అతను నాకు చెప్పాడు. నేనూ ఊరుకోలేదు. నా పెళ్లిలో అతను చేసిన హడావిడి దాకా వెళ్లాను. నా మొదటి స్కూటరు వెళ్లి అతని కుడితి తొట్టిలో పడిన సంగతి అతను తీశాడు. అందులో న్యాయం ఎవరి వైపుందో ఇప్పటికీ నేను చెప్పలేను, చెప్పాలని కూడా లేదు. మాకు తూర్పున మబ్బు నల్లబడుతూ వచ్చింది. నా వరి మీదుగా చల్లగాలి ఒకటి పాకింది. పండిన కంకులు ఒక్కసారిగా ఒరిగి, మళ్లీ పూర్తిగా లేవలేదు.

అది మా ఆవిడ చూసింది. బరకాలు రోడ్డు మీద పడేసి గట్టు మీదకి వచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడింది. నా వైపు చూడలేదు.

"అన్నా. ఇవ్వకపోతే ఇవ్వనని సెప్పు. నాకు నోరున్నాది, నాను ఏడుసుకుంటాను. అది పడిపోయినాక మాత్రం 'ఇద్దామనే అనుకున్నాను' అని నా ఇంటికి కబురెట్టకు. ఇప్పుడు సెప్పు. నువ్వు సెప్పిన మాటే నాను పట్టుకెల్తాను. ఇంక మల్లీ నీ గుమ్మానికి అడగడానికి రాను."

బావ ఆమెని చూశాడు. ఆమె వెనకాల ఒరిగిన వరిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ చూపులో స్నేహం వెతికాను, కనబడలేదు.

"నీ మొగుడి మొకం సూసి కాదు," అన్నాడు. "నీ ఏడుపు సూసీ కాదు. పండిన వరి నేల్ని పడితే నాను సూడలేను, అంతే. ఆ మడిలో నాను ఏసిన వరి ఏనాడూ నేల్ని పడింది కాదు. మేష్టారు ఏసింది పడితే ఆ మడికి సెడ్డపేరు."

వంగాడు. గట్టు వారగా పచ్చి వరి ఒక గుప్పెడు పట్టి, పర్రున కోసి, నా ఒంటి చెప్పు మీద పడేలా విసిరాడు.

"నాలుగు కుంచాలు కొలుస్తాను. నీ కుంచంతో కాదు, నా కుంచంతో. గీత దాటి ఒక్క కంకి తొక్కినాడంటే ఆ మిషన్ తిరిగెల్లదు."

"అలాగే," అన్నాను.

"అలాగే కాదు. సరే అను."

"సరే."

తర్వాతదంతా పరుగు. పక్క పొలంలో గడ్డి తీస్తున్న ఇద్దరు ఆడవాళ్లని మా ఆవిడ కేకేసింది. అందరం కొడవళ్లు పట్టుకుని వంగాం. బావ ముందు కోస్తూ, వెనక్కి తిరక్కుండానే నన్ను తిడుతూ పోయాడు. "జుత్తు కత్తిరిస్తన్నావేటి? కింద కొయ్యి!" కొంతసేపటికి నా నడుము నాది కాకుండా పోయింది. తోడల్లుడు ప్యాంటు మడిచి పనలు మోశాడు. ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దంలో నాకు అతని మీద ఉన్న కోపం కొంచెం తగ్గింది. కొంచెమే.

మిషన్ ఆ దారిలో దిగింది. పక్క చక్రం వరి అంచుకి వస్తే బావ రాయి పట్టుకుని డ్రైవరు వెంట నడిచాడు. ఆ డ్రైవరుకి తెలుగు రాదు గాని, రాయి అర్థమైంది. నా పొలంలోకి వెళ్లాక మిషన్ చాలా తొందరగా పనిచేసింది. ఇన్ని రోజుల తగువుకి ఇంత చిన్న పనా అనిపించింది. తూర్పు మూల మాత్రం గాలికి ముందే నేల కరుచుకుపోయింది, మిషన్‌కి అందలేదు. ఆ మూల పోయింది. మిగిలినదంతా ట్రాక్టరు తొట్టిలోకి ఎక్కింది.

బావ తన కుంచం తెచ్చుకుని తొట్టి దగ్గర నిలబడ్డాడు. నాలుగూ తనే కొలిచాడు, తల కొట్టుగా, ఎక్కువా తక్కువా కాకుండా. నేను ఇంకోటి పోయబోతే కుంచం బోర్లించేశాడు.

"నాలుగన్నాను. అయిదు తీసుకుంటే రేపు ఊళ్లో నువ్వేటి సెప్పుకుంతావో నాకు తెల్దేటి?"

చినుకులు మొదలయ్యాయి. ట్రాక్టరు మీద బరకాలు కట్టేసి పంపాం. మిషన్ రోడ్డెక్కి పాలకొండ వైపు పోయింది. అది తొక్కిన గట్టు రెండుచోట్ల చదునైపోయింది. బావ పార తెచ్చి మట్టి ఎత్తడం మొదలుపెట్టాడు. నేను మట్టి మోయడానికి అక్కడున్న గమేళా అందుకున్నాను.

"అది కింద ఎట్టు," అన్నాడు. "నా గట్టు నాను ఏసుకుంటాను. నీతో నాకు పన్లేదు."

"వానలో ఒక్కడివీ..."

"పన్లేదన్నాను. దారడిగినావు, ఇచ్చినాను. గింజలిచ్చినావు, తీసుకున్నాను. అయిపోనాది. నీతో మాటల్లేవు. ఎల్లు."

గమేళా కింద పెట్టాను. బురదలో నా చెప్పు వెతుక్కున్నాను, దొరకలేదు. మా ఆవిడ తడుస్తూ గట్టు కొసన నిలబడి ఉంది.

"అన్నా," అంది. "నాను రావొచ్చా ఇంటికి?"

బావ పార ఆపలేదు. "నువ్వెందుకు రాకూడదే? ఇల్లు నీది కాదేటి? ఆదివారం రా. మీ వొదిన కొత్త బియ్యం వండుతాది." ఒక పార మట్టి వేసి, దాన్ని కాలితో తొక్కి అన్నాడు. "మేష్టార్ని తేకు."

"తేను," అంది ఆమె.

ఒంటి చెప్పుతో స్కూటరు స్టార్ట్ చేశాను. ఆమె వెనక కూర్చుని, మిగిలిన బరకం ముక్క తల మీదుగా కప్పుకుంది. రాజాం రోడ్డు ఎక్కాక వాన పెద్దదయింది. ఆమె ఆ బరకం కొసని ముందుకి లాగి నా నెత్తి మీద కూడా వేసింది.